జాడీలో తేటగా ఉన్నది

నాన్నగారికి నమస్కారాలు.

ఈ ఉదయం బకెట్‌లో నీళ్ళ మీద పల్చగా మంచు కట్టింది. మగ్గుతో తడితే గాజులా పగిలింది. చలి తప్ప నాకు ఏ ఇబ్బందీ లేదు. అమ్మ మోకాలు ఎలా ఉంది? నానమ్మ మందులు వేళకు వేసుకుంటోందా? కందిపొడి అయిపోవచ్చింది, వీలైతే పంపండి.

హెలికాప్టర్ ఏం తాగుతుందని ఫోన్‌లో అడిగారు. ఈ కొండమీది హెలిప్యాడ్‌లో మావన్నీ టర్బైన్ ఇంజిన్లు. బాగా శుద్ధి చేసిన కిరోసిన్ లాంటి విమాన ఇంధనం, గంటకు సుమారు నూట ఎనభై లీటర్లు పడుతుంది. శిక్షణకు వాడే చిన్నవాటిలో కొన్నిటికి నీలం రంగు కలిపిన పెట్రోలు, గంటకు అరవై లీటర్ల దాకా. కృత్తివెన్ను మావయ్య రొయ్యల చెరువు దగ్గర జనరేటరుకు నూట ఎనభై లీటర్ల డీజిలు ఎన్నాళ్ళు వస్తుందో కనుక్కుని చెప్పండి.

రోజూ పొద్దున్నే ఇంధనం ట్యాంకు అడుగు నుంచి గాజు జాడీలోకి కొంచెం పట్టి చూడడం నా పని. నీరు కలిస్తే అడుగుకు దిగి, మధ్యలో గీత కనబడుతుంది. ఆ నీరు ఇంజిన్‌లోకి వెళ్తే గాలిలోనే ఆగిపోవచ్చు. పోయిన వారం వాన వెలిసిన పొద్దున జాడీలో గీత లేదు. అద్దంలా ఉంది.

మా ఇన్‌ఛార్జి సుబ్బారావు గారిది గుడివాడ. నన్ను మన ఊరి పేరుతోనే పిలుస్తారు. "బాగుందిగా పెడనా, సంతకం పెట్టెయ్. బిళ్ళ పరీక్ష తర్వాత చూద్దాంలే, కెప్టెన్ గారు గడియారం చూస్తున్నారు" అన్నారు. యాత్రికులు బరువు తూయించుకుని నిలబడి ఉన్నారు.

మీరు కలంకారీకి ఇనుమూ బెల్లమూ నానిన కుండ మూత తీసి, నల్లరంగు కుదిరిందో లేదో ముందు వాసనతోనే చెప్పేవారు. నేనూ జాడీ వాసన చూశాను. కిరోసిన్ వాసనే లేదు.

"మొత్తం నీళ్ళేనండీ" అన్నాను. రెండోసారికి గానీ ఆయనకు వినబడలేదు.

"పైనుంచి కింద దాకానా? కృష్ణా కాలవ అనుకున్నావా ఏంటమ్మా?" అని నవ్వుతూనే, నీరు తగిలితే రంగు మారే పరీక్ష బిళ్ళ తీసి జాడీలో ముంచారు. పసుపు బిళ్ళ ముదురు ఆకుపచ్చకు తిరిగింది. ఆయన నవ్వు ఆగిపోయింది. "గీత కోసం చూశాను. ఇంధనం ఉంటేగా గీత" అన్నారు.

మధ్యాహ్నం దాకా ఏదీ ఎగరలేదు. కెప్టెన్ గారు వచ్చి జాడీ వాసన చూసి, నాకు నమస్కారం పెట్టారు. నేనూ చేతులు జోడించాను. రంగుల కుండల దగ్గరికి నన్ను ఏనాడూ రావద్దనలేదు మీరు. అందుకు మీకు ఎప్పుడూ కృతజ్ఞురాలిని.

నానమ్మకు, అమ్మకు నా దండాలు. మోపిదేవి వెళ్తే నా పేరున కూడా మొక్కండి.

మీ దీవెనలు కోరే మీ అమ్మాయి,
నీరజ

తా.క. ఆ పొద్దున ఆగిపోయిన మొదటి ట్రిప్పులో ఒక సీటు నాది.