జగన్నాథుడి సంతకం

సత్పథి సార్‌కి, మీరు మౌసీ అని, అంటే పిన్నీ అని పిలిచే హాస్టల్ వార్డెన్ నమస్కరించి రాస్తున్నది.

ఉద్యోగం నిలవాలంటే పాసవ్వాలని వార్డెన్లకు పెట్టిన, జరగబోయే పనులు ఇంగ్లీషులో చెప్పే పరీక్షలో, రేపు ఏం చేస్తారని నన్నడిగారు. జగన్నాథుడి దయ ఉంటే పిల్లలకు రాత్రి నీళ్ళలో నానబెట్టిన పఖాళ అన్నం పెడతానన్నాను.

"మౌసీ, ఇంగ్లీషులో రేపటికి మీ జగన్నాథుడి సంతకం అక్కర్లేదు!" అన్నారు. అందరూ నవ్వారు. మూడుసార్లు అడిగినా ఆయన పేరు లేకుండా రేపటి మాట నా నోట రాలేదు. మీరు సున్నా వేశారు. ఉద్యోగం పోయింది.

దాన్ని తిరిగి అడగను. మూడో గదిలోని సుకాంతికి మూర్ఛ వస్తుంది, స్నానానికి ఒంటరిగా పంపకూడదు. ఆ సంగతి ఒడియాలో రాసిస్తే, ఇంగ్లీషులో తెమ్మని ఆఫీసువాళ్ళు తిప్పి పంపారు. మీరైనా రాసివ్వండి. కొత్త వార్డెన్ ఇవాళే చేరింది.