తల మీంచి తీసిన చెయ్యి

చాండ్లర్,
ఫిబ్రవరి 8, 2015.

పద్మనాభానికి,

భీమశంకరం నమస్కారాలు. నువ్వూ నళినిగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాశాను. ఫోన్ ఉండగా ఈ కాగితం గోలేమిటని విసుక్కోకు. నీ గొంతు వింటే చెప్పవలసింది నోట్లోంచి రాదు.

మీ అనిరుధ్‌ని ఒకసారి చూసి రమ్మన్నావు. నిన్న వెళ్ళాను. ఇంజనీరింగ్ మూడో ఏడు చదవాల్సినవాడు మా పక్క ఊరు టెంపీలో ఒక వేప్ షాపులో, అదే ఆ ఎలక్ట్రానిక్ సిగరెట్లు అమ్మే కొట్లో, కౌంటర్ వెనక నిలబడి ఉన్నాడు. కాలేజీ డిసెంబర్‌లోనే మానేశాడట. గోడ నిండా చిన్న చిన్న సీసాలు, మామిడి, పుచ్చకాయ, వెనీలా, మన చిన్నప్పటి సోడా కొట్టులాగే ఉంది. వచ్చేవాళ్ళంతా ఇరవై, ఇరవై రెండేళ్ళవాళ్ళు. సిగరెట్ కంపంటే ముఖం చిట్లించే పిల్లలే వీళ్ళు. ఇది సిగరెట్ కాదుగా, ఆవిరేగా అంటారు. ఆ ఆవిరి లేకుండా నీ కొడుకు నాతో పది నిమిషాలు మాట్లాడలేకపోయాడురా. మధ్యమధ్యలో దగ్గు. చిన్నప్పుడు ఆస్తమా వస్తే వాణ్ణి భుజాన వేసుకుని నువ్వు ఎమర్జెన్సీకి పరిగెత్తిన రోజులు గుర్తొచ్చాయి.

ఇంటికి వెళ్ళమని బతిమాలాను.

"నాన్న వద్దన్నారు కదా అంకుల్. మీరు కూడా వదిలేయండి" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవులకి శాంటా క్లారాలో మీ ఇంటికి వచ్చినప్పుడు వాడి బ్యాగ్‌లో ఆ వేప్ పెన్ను దొరికిందనీ, ఎవరు అలవాటు చేశారో అమ్మ తల మీద చెయ్యి వేసి చెప్పమన్నావనీ, వాడు వేసిన చెయ్యి తీసేసుకుని నోరు విప్పలేదనీ నువ్వే చెప్పావు. కన్నతల్లి కన్నా ఆ వెధవ ఎక్కువయ్యాడా, ఇక నా గడప తొక్కకు అన్నావు. తర్వాత నాకు ఫోన్ చేశావు. ప్రతి ఆదివారం మీ ఇంట్లోనే భోంచేస్తాడుగా, ఎవరితో తిరుగుతున్నాడో నీకు తెలియదా అని నిలదీశావు. వాడి రూమ్మేట్, మన కోటేశ్వరరావు కొడుకు, అలవాటు చేసి ఉంటాడన్నాను. అనిరుధ్ ముందు నుంచే సిగరెట్లు కాలుస్తున్నాడేమో, అవి మానడానికి ఇది పట్టుకున్నాడేమో అని కూడా అన్నాను. నువ్వు నమ్మావు. కోటేశ్వరరావుతో మాటలు మానేశావు.

వాడు తిరిగి వస్తాడన్న ఆశ నాకు లేదు. అయినా నువ్వొకసారి వెళ్ళు. తిట్టకుండా కాసేపు పక్కన కూర్చో.

ఇట్లు,
ఇంకా నీ వాణ్ణే అనుకుంటున్న
భీమశంకరం

తా.క. సంతకం పెట్టాక కూడా కవరు అంటించలేకపోయాను. ఆ పెన్ను వాడికి ఇచ్చింది నేను. గుండెకి స్టెంట్ వేశాక సిగరెట్ మానలేక నేనే ఇది మొదలుపెట్టాను. గరాజ్‌లోంచి లోపలికి రాగానే మా వసుంధర చొక్కా వాసన చూస్తుంది కదా, మామిడి వాసనైతే ఏమీ అనలేదు. మాల్‌లో ఒకటి కొంటే ఇంకొకటి ఊరికే ఇచ్చారు. భోజనాలయ్యాక గరాజ్‌లో ఒక్కణ్ణే నిలబడడం తోచక ఆ రెండోది అనిరుధ్ చేతిలో పెట్టాను. ఉత్త ఆవిరేరా, ఏం కాదు అన్నాను. ఆంటీకి గానీ నాన్నకి గానీ నా పేరు చెప్పనని నా తల మీద చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించుకున్నాను. అంతకు ముందు వాడు సిగరెట్ ముట్టనైనా లేదు. నిన్న నేను షాపులోంచి వచ్చేస్తుంటే కారు దాకా వెనకే వచ్చాడు. "మీ పేరు చెప్పలేదు అంకుల్" అని, దగ్గుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.