ధార పడని మోటారు

గోల్‌మురి,
విశ్వకర్మ పూజ మర్నాడు.

పోలరాజు బావకి కూర్మారావు రాయడం. ఇక్కడ నేనూ, మీ చెల్లెలు కస్తూరీ బాగానే ఉన్నాం. నువ్వు పంపిన పడవ మోటారు ఒక్కటే బాగాలేదు.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటని అనుకోకు. కిందటి వారం మనం ఫోన్లో అరుచుకున్నది పక్క క్వార్టర్ల వాళ్ళు కూడా విన్నారు. కస్తూరి నా ఫోన్లోంచి నీ నంబరు తీసేసింది. "మోటారు గొడవ ఏటున్నా కాయితం మీద రాసుకోండి. కాయితం అరవదు" అంది. నువ్వు దాని అన్నవి, నేను మొగుణ్ణి. ఇద్దరం చెప్పినట్టు వినాల్సిందే.

కిందటేడు దీపావళి వెళ్ళాక ఛఠ్ పూజకి మాంగో ఘాట్ దగ్గర ఏం జరిగిందో నీకు తెలుసు. నడుములోతు నీళ్ళలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్న ఒకావిడ కాలు జారి కొట్టుకుపోయింది. చీర కొంగు చేతికందింది కాబట్టి బతికింది. ఆ కొంగు పట్టుకున్నది మీ చెల్లెలే. వచ్చే ఏడు మోటారు పడవతో ఘాట్ ముందు నేను నిలబడతానని ఘాట్ కమిటీ సౌరభ్‌కి ఆ రోజే మాటిచ్చాను. పడవ దొరికింది. మోటారు నువ్విచ్చావు. అది నడవకపోతే ఈ ఏడు కూడా ఘాట్‌కి పడవ ఉండదు.

సువర్ణరేఖ నదిలో దింపితే వంతెన దాకా కూడా వెళ్ళదు. మూత మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, ఒక కూత పెట్టి ఆగిపోతుంది. పూజ చేస్తే బాగుపడుతుందనుకున్నాను. ఇవాళ ఇంకా ముందే ఆగింది. తెడ్డు వేసుకుంటూ వస్తుంటే వంతెన మీద ఆటోలు ఆపి మరీ చూశారు.

ఏం చెయ్యాలో రాయి.
నీ బావ,
కూర్మారావు.

తా.క.: పూజలో మోటారుకి సిందూరం పెట్టి బంతిపూల దండ వేశాం. ఇదేం మెషీనని పంతులు అడిగాడు. నీళ్ళలో నడిచేదన్నాను. దానికి మాత్రం గంట ఎక్కువసేపు కొట్టాడు.


పోలవానిపేట,
దసరాలకి ముందు.

కూర్మారావు బావకి సముద్రపొడ్డు నుంచి పోలరాజు రాసేది. మేం క్షేమం. ఇక్కడ గాలి బాగాలేదు, వేటకెళ్ళక ఇంటి దగ్గరే ఉన్నాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కొత్తది కొనేదాకా ఆ ఇంజను మీదే పదేళ్ళు చేపల వేటకెళ్ళాను. ఒక్కసారి కూడా నన్ను నడిసముద్రంలో వదల్లేదు. నీకు పంపే ముందు కింద భాగం నేనే విప్పి, ఇసుక కడిగి, మళ్ళీ బిగించాను. నీ దగ్గరికొచ్చి పాడైందంటే తప్పు ఇంజనుది కాదు.

నీళ్ళలో ఉంటుంది కదా, దానంతటదే చల్లబడుతుందని అనుకుంటున్నావేమో. కాదు. కింద జల్లెడలాంటి కంతలున్నాయి చూడు, అక్కడ నీళ్ళు పీలుస్తుంది. లోపల ఒక చిన్న పంపు వాటిని సన్నటి గొట్టంలోంచి పైకెత్తుతుంది. ఆ నీళ్ళు ఇంజనంతా తిరిగి, వెనకున్న కన్నంలోంచి ధారగా బయట పడతాయి. మనిషికి నాడి ఎలాగో దీనికి ధార అలాగ. ధార పడుతోందా లేదా? అది రాయకుండా ఆటోల సంగతి రాశావు.

మీ ఊళ్ళో లేతు మెషీన్‌కీ, స్కూటర్‌కీ, తాళంచెవికీ కూడా దండ వేస్తారు. మరి ఆ పూలరేకులు ఎక్కడికి పోతాయి? జల్లెడలోకి పోతాయి. ముందు అది చూడు.

కస్తూరికి నా ఆశీస్సులు. నీకు కాదు.
పోలరాజు.

తా.క.: ధార ఉంటే సన్నగా పడుతోందా, తెంపులు తెంపులుగా పడుతోందా, వెచ్చగా ఉందా, చల్లగా ఉందా, వివరంగా రాయి. నాకేం అవసరమని కాదు. ఊరికే.


గోల్‌మురి,
విజయదశమి వెళ్ళాక.

బావా, నీ ఉత్తరం అందింది. ఆశీస్సులు కస్తూరికి ఇచ్చేశాను. సగం నాకు పంచింది.

జల్లెడలో బంతిరేకులు ఉన్నమాట నిజమే. తీసేశాను. ధార పడుతోంది కానీ సన్నగా, వెచ్చగా పడుతోంది. ఇంటి వెనక డ్రమ్ములో పెట్టి నడిపినా అంతే. వేడి తగ్గలేదు.

ఇక నీ మీద ఆధారపడటం ఎందుకని పంపు నేనే విప్పాను. ఉక్కు కంపెనీ పంప్‌హౌస్‌లో ముప్పై ఏళ్ళు మిల్లుకి చల్లనీళ్ళు అందించినవాణ్ణి. విప్పగానే రోగం తెలిసిపోయింది. నీళ్ళు తోడే చక్రం రబ్బరుది బావా! దాని రెక్కలు పెసరట్టులా వంగిపోయున్నాయి. మా పంప్‌హౌస్‌లో రబ్బరు ఇంపెల్లర్ వాడితే ఫోర్‌మేన్ మమ్మల్నే కూలింగ్ ట్యాంకులో పడేసేవాడు.

ఉక్కు ఊళ్ళో ఉంటూ రబ్బరుతో పని చేసుకోవాలా? గమ్హరియాలో లేతు షాపు పెట్టుకున్న మన భానుప్రకాష్ దగ్గరికి పట్టుకెళ్ళాను. అదే కొలతకి స్టెయిన్‌లెస్ స్టీలుతో చక్రం చేసిచ్చాడు. అద్దంలా ఉంది. రేపు బిగిస్తాను. మోటారు అరిగిపోవచ్చు కానీ ఈ చక్రం అరగదు.

మీ ఆవిడ జోగమ్మ అప్పకి నమస్కారాలు.
కూర్మారావు.

తా.క.: ఆ చక్రం ఇంకొకటి చేయించి నీ కొత్త ఇంజనుకి పంపమంటావా? సిగ్గుపడకు.


పోలవానిపేట,
ఉత్తరం అందిన రోజే.

బావా,

బిగించకు. బిగించుంటే తీసెయ్యి.

ఆ పంపు గూడు గుండ్రంగా ఉండదు. ఒక పక్క ఇరుకు, ఒక పక్క విశాలం. ఇరుకులో రెక్క వంగాలి, విశాలంలో సాగాలి. అలా వంగి సాగుతుంటేనే నీళ్ళు పైకి లేస్తాయి. వంగడం తెలియనిది అక్కడ పనికిరాదు. ఇది ఇంజను గురించే రాస్తున్నాను, నీ గురించి కాదు.

కొత్త రబ్బరు చక్రం ఈ కవరులోనే పెట్టాను. తడిపి బిగించు. డ్రమ్ములో ఎక్కువసేపు నడపకు. తిరిగి తిరిగి ఆ నీళ్ళే కాగి, ఇంజను వేడో నీళ్ళ వేడో తెలియదు. నదిలోనే చూడు. చూసి వెంటనే రాయి. వెంటనే అంటే వెంటనే.

పోలరాజు.

తా.క.: కొత్త ఇంజనుకి ఏమీ అక్కర్లేదు. అది బ్రహ్మాండంగా ఉంది. ఇక్కడ గాలే ఇంకా బాగుపడలేదు.


గోల్‌మురి,
దీపావళికి ముందు.

పోలరాజుకి కూర్మారావు రాసేది.

ఈసారి బావా అని రాయలేదు, గమనించు.

నీ ఉత్తరం వచ్చేసరికి ఉక్కు చక్రం బిగించేశాను. అది ఒక్క చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. తియ్యడానికి భానుప్రకాషే రావాల్సి వచ్చింది. సరే, ఆ తప్పు నాది. కానీ నువ్వు పంపిన రబ్బరు చక్రం బిగించి నదిలో నడిపినా అదే వేడి, అదే కూత. ధార ముందుకంటే సన్నబడింది. ఇప్పుడు బొట్లు బొట్లుగా పడుతోంది.

నాకు ఒకటే అనుమానం. నువ్వు వెంటనే రాయి, వివరంగా రాయి, వేడా చల్లనా అని అడుగుతున్నావే గానీ బాగుచేసే దారి చెప్పడం లేదు. పాడైన మోటారు నాకంటగట్టి, ఛఠ్ దాకా ఉత్తరాలతో కాలం గడిపేద్దామనుకుంటున్నావా?

నిన్న సౌరభ్ వచ్చాడు. "చాచా, నావ్ చలేగీ కి నహీఁ? సాఫ్ బోలియే" అన్నాడు. పడవ నడుస్తుందో లేదో తేల్చి చెప్పమని. పోయినేడు కొట్టుకుపోయినావిడ ఈసారి కూడా అదే ఘాట్‌కి వస్తానందట. చాచా పడవుంటుంది కదా, భయం లేదంటోందట. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు.

దారుంటే చెప్పు. లేకపోతే లేదని చెప్పు.
కూర్మారావు.

తా.క.: అన్నయ్యా, నేను కస్తూరిని. ఈయన వంటింట్లో అన్నం తినటం లేదు గానీ పకోడీలు తింటన్నారు. కంగారుపడకు. ఆ ఉక్కు చక్రం మీద వేడి గిన్నెలు దించుకుంటన్నాను, బాగుంది.


పోలవానిపేట,
దీపావళి మర్నాడు.

కూర్మారావు బావకి,

నువ్వు రాయకపోయినా నేను రాస్తున్నాను.

పాడైన ఇంజను చెల్లెలి ఇంటికి పంపేవాణ్ణి కాదు. ఆ మాటకి జవాబు తరవాత చెప్తాను, ముందు పని.

జల్లెడ బాగుంది, పంపు బాగుంది, అయినా ధార రావట్లేదంటే మధ్యలో ఏదో అడ్డం ఉన్నట్టే. రెండు చోట్లు మిగిలాయి. ఒకటి థర్మోస్టాట్. ఇంజను వేడెక్కితే తెరుచుకునే చిన్న తలుపు. అది తీసి గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టు. నీళ్ళు కాగేసరికి తెరుచుకుంటే మంచిదే. రెండోది, పంపు నుంచి పైకి వెళ్ళే గొట్టం. దాన్ని బయటికి లాగి ఒక చివర నోరు పెట్టి ఊదు. గాలి అవతలికి రాకపోతే తీగ దూర్చు.

ఏం బయటపడినా పారెయ్యకు. నాకు రాయి.

ఆ పడవ ఘాట్ ముందు ఉండాలి. దాని సంగతి నాకూ పట్టింది.
పోలరాజు.

తా.క.: థర్మోస్టాట్ ఉడికించడానికి కస్తూరి చారు గిన్నె తీసుకోకు. ఆ సంగతి నాకు అనుభవం.


గోల్‌మురి,
ఛఠ్ ముగిసిన మర్నాడు.

పోలరాజు బావకి,

బావా అని రాశాను, గమనించు.

చారు గిన్నే తీసుకున్నాను. దాని గురించి ఇంకేమీ రాయను. థర్మోస్టాట్ మంచిదే. గొట్టం ఊదితే గాలి రాలేదు, చెవుల్లోంచి వచ్చినట్టయింది. తీగ దూర్చి లాగితే ఒకటి ఊడిపడింది. కవరులో పెట్టాను, చూసుకో.

అది పసుపు కొమ్ము బావా. దారం చుట్టిన పసుపు కొమ్ము. నీళ్ళలో నాని ఉబ్బి గొట్టం నిండా బిగుసుకుంది. నా పూజ, నా పూలు అని దసరా నుంచి సాధించావు. మా పంతులు పెట్టింది సిందూరం. అది ఎర్రగా ఉంటుంది. ఈ ఊళ్ళో మోటారుకి పసుపు కొమ్ము కట్టే పంతులు ఎవరూ లేరు. అది మీ ఊరి నుంచే వచ్చింది.

కొమ్ము తీసి నదిలో దింపాను. ధార అలా పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. వంతెన దాటి వెళ్ళి వెనక్కి వచ్చాను. మూత మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. వంతెన మీద ఆటోవాళ్ళు ఈసారి ఆగలేదు. బాగా నడిచేదాన్ని ఎవరూ చూడరు.

సాయంత్రం అర్ఘ్యానికీ, తెల్లవారి అర్ఘ్యానికీ ఘాట్ ముందే నిలబడ్డాను. తెల్లవారి ఒక ముసలామె పళ్ళ చేట నీళ్ళలో తేలిపోతుంటే దాని వెనకే లోతుకి వెళ్ళిపోయింది. కస్తూరి గట్టు మీంచి అరిచింది. ఒక్క లాగుకి మోటారు అందుకుంది. ముందు ఆమెని ఎక్కించాను, తరవాత చేట. ఆమె నన్ను తిట్టింది, ముందు చేట తియ్యాల్సిందని. తరవాత పడవ నిండా ప్రసాదం అప్పాలు, ఠేకువాలు పెట్టారు. పోయినేడు జారినావిడ మొదటి ముక్క మోటారుకి పెట్టబోయింది. దణ్ణం పెట్టి ఆపాను.

నీ మీద అనుమానపడ్డాను. అది తీసేసుకుంటున్నాను. కానీ ఈ కొమ్ము సంగతి తేల్చు.
నీ బావ,
కూర్మారావు.


పోలవానిపేట,
కార్తీక పౌర్ణమి.

కూర్మారావు బావకి,

నీ ఉత్తరం చదువుతుంటే కవరులోంచి కొమ్ము కింద పడింది. జోగమ్మ చూసి, "అయ్యో, ఇది గంగమ్మ తల్లి ముందు పెట్టిన కొమ్ము గదా, నీకెక్కడ దొరికింది?" అంది.

జరిగింది ఇది. కొత్త ఇంజను మొదటి సర్వీసుకి మెకానిక్ వచ్చి కింద భాగం విప్పాడు. అదే రోజు నీకు పంపాల్సిన పాతది నేను విప్పాను. మేం టీ తాగడానికి వెళ్ళాం. గొట్టం నోరు తెరిచుంది కదా అని జోగమ్మ కొమ్ము లోపల పెట్టేసింది. "పుట్టింటి సొమ్ము ఊరు దాటి పోతంది, ఒట్టి నోటితో పంపితే బాగోదు గదా" అంటోంది.

నాకప్పుడు నా ఇంజను గుర్తొచ్చింది. "కొత్తదానికో?" అన్నాను. "పాతదానికి పెట్టి కొత్తదానికి పెట్టకపోతే దానికి చిన్నతనం గదా" అంది.

బావా, ఇక్కడ గాలి ఎప్పుడూ బాగానే ఉంది. నా కొత్త ఇంజనే వేడెక్కి ఆగిపోతోంది. నీ దగ్గర దాన్ని అంత పొగిడాక ఎలా రాయను? విప్పితే గ్యారంటీ పోతుందని ముట్టుకోలేదు. ఆ మెకానిక్ ఇదిగో అదిగో అంటూ మళ్ళీ రాలేదు. సీజనంతా మా ఊరి సూర్యం పడవ మీద కూలికెళ్ళాను. నీ దాని మీద ఏది పనిచేస్తే నా దానికి అది చేద్దామని కాచుకున్నాను. వేడా, చల్లనా, సన్ననా అని అడిగింది అందుకే.

గ్యారంటీ పోతే పోయిందని ఇవాళ గొట్టం లాగాను. ఉంది. నీదానికి పెట్టినదానికంటే లావు కొమ్ము.

వాకిట్లో డ్రమ్ములో పెట్టి నడిపితే ధార ఇంటి గుమ్మం దాకా పడింది. రేపు తెల్లారి వేటకెళ్తున్నాను. నా పడవలో, నా ఇంజనుతో.

కస్తూరితో చెప్పి నా నంబరు మళ్ళీ నీ ఫోన్లో పెట్టించు. అరవను.
నీ బావ,
పోలరాజు.

తా.క.: ఆ ఉక్కు చక్రం గిన్నెల కిందనుంచి తీసి నాకు పంపు. మంచి బరువుంది, వలకి కట్టుకుంటాను. ఘాట్‌లో ఎవరూ మునగలేదు కదా, అది కొమ్ము మహిమేనని జోగమ్మ అంటోంది. కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వు ఉత్తరం రాసి చెప్పు.