విప్పని కట్టు

జూన్ 12, 2006. మణుగూరు

మోకాలికి మళ్ళీ చీము పట్టింది. జనవరిలో కీలు మార్చినప్పటి నుంచి ఇది రెండోసారి. మార్చిలో తెరిచి కడిగారు. అప్పటి నుంచి యాంటీబయాటిక్స్ మింగుతూనే ఉన్నాను. నోరంతా చేదు. ఇంత చేసినా ఇదేం ఖర్మో.

జూన్ 15. హైదరాబాద్

డాక్టరు సూటిగా చెప్పాడు. వేసిన కీలు తీసేస్తారు. దాని చోట మందు కలిపిన సిమెంటు ముద్ద పెడతారు, స్పేసర్ అంటారట. ఇన్ఫెక్షన్ పూర్తిగా పోతే మళ్ళీ కొత్త కీలు. పోకపోతే ఎముకలు రెండూ కలిపి బిగించేస్తారు, ఇక కాలు మడవడం ఉండదు. మడవని కాలితో కుట్టు మిషను తొక్కేదెట్లా? నేను టైలర్ని. ఇంకో పని చేతకాదు, చేయాలనీ లేదు.

ఇంటి దగ్గర కట్టు ఎవరు విప్పుతున్నారని అడిగాడు. నేనే అన్నాను. ఎందుకన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళకు చూపించాలి కదా అన్నాను. డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

జూన్ 16. వార్డులో

నిజమే. ఎవరొచ్చినా పండ్లు పక్కన పెట్టి, ఏదీ చూపెట్టు అంటారు. చూపించకపోతే మనుషుల్ని లెక్కచేయనట్టు. కాలనీ అంతా చూసింది. పాలాయన కూడా చూశాడు. చీముకు ఇదొక్కటే కారణమని చెప్పలేను గానీ ఇకమీద నర్సు తప్ప ఎవరూ ముట్టొద్దని డాక్టరు మాట.

జూలై 9

స్పేసర్‌తో ఇంటికొచ్చాను.

జూలై 11

మా ఆడబిడ్డ జంపక్క దమ్మపేట నుంచి పనసకాయ మోసుకుని, బస్సులు మారి వచ్చింది. మా అమ్మ పోయాక నాకు అమ్మలాంటిది వదినే. కూర్చోగానే, ఏదీ చూపెట్టు అంది. డాక్టరు విప్పొద్దన్నాడు వదినా అన్నాను. నేనేమన్న పరాయిదాన్నా ఏంది, గింత దూరమొస్తే చూపెట్టవా అని కట్టు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తోసేశాను. గట్టిగానే.

చాయ్ ముట్టకుండా వెళ్ళిపోయింది. అక్కను గట్లనా పంపేది అని మా ఆయన అన్నం తినలేదు. కాలు నాది కదా. రాత్రి ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆగస్టు 2

చూడ్డానికి ఎవరూ రావడం లేదు.

సెప్టెంబరు 18

రక్త పరీక్ష బాగుంది. మోకాల్లోంచి నీరు తీసి చూశారు, చీము లేదు. కొత్త కీలు వేస్తారట! మా ఆయన వదినకు ఫోన్ చేసి చెప్పాడు. మంచిదే అని పెట్టేసిందట. నన్ను అడగలేదట.

అక్టోబరు 20

కొత్త మోకాలితో ఇంటికొచ్చాను. కట్టు ఇంకా ఉంది.

అక్టోబరు 23

వదిన వచ్చింది. కుర్చీ తిప్పుకుని, గోడ వైపు మొహం పెట్టి కూర్చుంది. నేను చూడ, ఎట్లున్నదో నువ్వే చెప్పు అంది.

చెప్పాను.