మూడు మెట్ల ఇంటి యజమానురాలు

శ్రీ డెస్మండ్ ఆర్డొయిన్ గారికి,
సొంత ఇంటి విభాగం అధికారి,
జిల్లా గృహవసతి సంస్థ, లూసియానా.

అయ్యా,

విషయం: మా అమ్మ వెర్లీన్ గిల్లరీకి సొంత ఇల్లు ఉన్నదను కారణముతో, ఆమె అద్దె వోచరును ఇల్లు కొనుటకు వాడుకొనరాదని తమరు ఇచ్చిన ఉత్తర్వు గురించి, సదరు సొంత ఇల్లు ఎక్కడ ఉన్నదో మాకు చూపించవలసినదిగా మనవి.

క్రింద సంతకము చేసిన ఉర్సులా గిల్లరీ వ్రాసుకొనునది ఏమనగా, నేను అమ్మతో పాటు తమ ఆఫీసుకు రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ నా నోరు పెగల్లేదు. కాన్వెంటులో సిస్టర్లు మాకు మాట్లాడడం కంటే రాయడం బాగా నేర్పారు. అందుకని ఈ అర్జీ.

1. మా అమ్మ వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది. నా చిన్నతనం నుంచీ మేము శ్రీమతి నోలా హార్డీ గారి ఇంట్లో అద్దెకు ఉంటున్నాము. అద్దెలో పెద్ద భాగం తమ సంస్థ ఇచ్చే వోచరు మీద నేరుగా ఆమెకు చేరుతున్నది. ఆ అద్దెతో హార్డీ గారు ఆ ఇంటి అప్పు తీర్చుకున్నారు. మంచిదే, ఆమె మంచి మనిషి. కాని ఇన్నేళ్ళలో మా అమ్మకు వేరే ఇల్లు ఉన్నదేమోనని తమ సంస్థకు ఒక్కసారీ అనుమానం రాలేదు. ఇంకొకరి ఇంటికి డబ్బు కట్టినంతకాలం మేము ఇల్లు లేని పేదలమే. మా ఇంటికే కట్టుకుంటామని అడిగిన రోజున ఇల్లున్న వాళ్ళమయ్యాము.

2. అలా అడగమన్నది తమరే. అద్దెకు ఇచ్చే వోచరునే బ్యాంకు వాయిదాకు మళ్ళించి ఇల్లు కొనుక్కోవచ్చునని తమ ఆఫీసు గోడమీద పెద్ద అక్షరాలతో ఉన్నది. హార్డీ గారు వయసు పైబడి ఇల్లు అమ్మదలచారు, ముందుగా మా అమ్మనే అడిగారు. బ్యాంకు సరేనన్నది. తనిఖీదారు వచ్చి కుళాయిలు తిప్పి, అటక ఎక్కి దిగి, బాగుందన్నాడు. అమ్మ తమరు పెట్టిన శిక్షణ తరగతికి శనివారాలన్నీ పోగొట్టుకుని వెళ్ళింది. అక్కడ పాఠం చెప్పే అమ్మాయి పొదుపు గురించి చెబుతూ, "బయట కాఫీలు మానేయండి, పువ్వులు కొనడం తగ్గించండి" అన్నది.

"నేను పువ్వులు కొనేది సమాధుల మీదికే తల్లీ. చచ్చినవాళ్ళని కూడా తగ్గించమంటావా?" అన్నది అమ్మ.

తరగతి అంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. "అది మీ ఇష్టం మేడమ్" అని ఏదో రాసుకున్నది.

తమ కుర్చీ వెనక గోడమీద ఒక ఫొటో ఉన్నది. తమరూ తమ భార్యా కొత్త ఇంటి గుమ్మంలో తాళంచెవి పట్టుకుని నిలబడ్డారు, కింద 'మా మొదటి ఇల్లు' అని ఉన్నది. మొదటిసారి ఇల్లు కొనేవారికి జిల్లా ఇచ్చే సాయంతోనే కొన్నానని తమరే చెప్పారు. "నేను కొన్నప్పుడు మీరెందుకు కొనలేరమ్మా?" అన్నారు. అమ్మ ఆ మాట ఆశ్రమంలో ముసలివాళ్ళందరికీ చెప్పింది, చెవులు వినబడని వాళ్ళకు రెండేసి సార్లు.

3. తరువాత ఇంటర్వ్యూ. తమరు తెర వైపు చూస్తూ అడిగారు:

"ఇంతకుముందు మీకు సొంత ఇల్లేమైనా ఉందా అమ్మా?"

అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చున్నది.

"ఎందుకు లేదు బాబూ! మా తాత థియోఫీల్ తన చేతుల్తో కట్టాడు, సముద్రం వైపు పాత రోడ్డు మీద. మేం నేలున్న వాళ్ళం."

తమరు టైపు చేశారు. గౌరవంగా రాసుకుంటున్నారనుకుని అమ్మ మా ముత్తాత పేరులో అక్షరాలు కూడా ఒక్కొక్కటే చెప్పింది.

నేను పక్కనే ఉన్నాను, ఆపలేదు. ఆపవలసిన మాట ఆమె ఏమీ అనలేదు. ఇతరుల వరిచేలలో, చెరకు తోటల్లో తరాలు గడిచాక మా ఇంట్లో ఒకాయన సొంత నేల కొన్నాడు. ఆ సంగతి అడిగితే చెప్పకుండా ఊరుకునే గిల్లరీని నేను ఇంతవరకూ చూడలేదు. పెళ్ళిలో చెబుతారు, చావులో చెబుతారు, మందుల దుకాణంలో ఊరికే నిలబడినా చెబుతారు. ఆ గొప్పను తమరు ఆస్తిగా నమోదు చేసుకున్నారు.

4. వాస్తవములు ఇవి. థియోఫీల్ గిల్లరీ వీలునామా రాయకుండా పోయారు. ఆయనకు తొమ్మండుగురు పిల్లలు. చట్టప్రకారం ఆ ఆస్తి పంచకుండానే వాళ్ళకు, వాళ్ళ తరువాత వాళ్ళ పిల్లలకు వచ్చింది. ఆ తొమ్మండుగురిలో ఒకరైన మా అమ్మ తండ్రికి ఆరుగురు పిల్లలు. అలా మా అమ్మది యాభై నాలుగింట ఒక వంతు. ఇక ఇల్లంటారా, దానిని రీటా తుఫాను తీసుకుపోయింది. అప్పటికి నాకు నడక రాలేదు. జిల్లా ఆస్తి రికార్డులో మాత్రం ఆ ఇల్లు ఇప్పటికీ నాలుగు గదులతో, వసారాతో చెక్కు చెదరకుండా ఉన్నది. తుఫాను రికార్డుల గది వరకూ రాలేదనుకుంటాను.

ఉత్తర్వు అందిన మర్నాడు మేము తమ దగ్గరికి వచ్చాము.

"ఇల్లు లేదు బాబూ. గాలికి పోయింది" అన్నది అమ్మ.

"రికార్డులో ఉందమ్మా."

"రికార్డులో ఉంటే మేం అందులో పడుకోలేం కదయ్యా."

"కూలిపోయిందని రికార్డు మార్పించుకోండి. యజమానులందరూ సంతకాలు పెట్టాలి."

"అందరంటే?"

"అందరూ."

"మా ఎటియెన్ బాబాయి పోయాడే!"

"ఆయన పిల్లలు పెడతారు."

"వాళ్ళెక్కడున్నారో ఆ దేవుడికే తెలియాలి. పోనీ నా వాటా నేను వదులుకుంటా. ఎక్కడ పెట్టమంటావు సంతకం?"

"వదులుకున్నా మూడేళ్ళు ఆగాలమ్మా. అప్పటిదాకా ఇల్లున్నవాళ్ళ కిందే లెక్క. రూలు నేను రాయలేదు."

ఆ చివరి మాట తమరు చాలా మృదువుగా అన్నారు. అలవాటైన మృదుత్వం. అమ్మ తమకు కృతజ్ఞతలు చెప్పి బయటికి వచ్చింది. ఎందుకు చెప్పిందో బస్సు ఎక్కేదాకా నన్ను అడుగుతూనే ఉన్నది.

5. గత ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, తమ సంస్థ వారి ఇంటి తనిఖీ పత్రం ఒకటి పట్టుకుని నేను సదరు ఆస్తి దగ్గరికి వెళ్ళాను. థియోఫీల్ గారి పిల్లల్లో ఇప్పుడు బతికి ఉన్నది ఒడీల్ అమ్మమ్మ ఒక్కతే. ఆమె ఆ రోడ్డులోనే, చక్రాల మీద నిలిపిన ట్రెయిలరు ఇంట్లో ఉంటుంది. గొడుగు వేసుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

"ఏం చేస్తున్నావే ఇక్కడ?"

"ఇల్లు తనిఖీ చేస్తున్నా అమ్మమ్మా."

"ఏ ఇల్లు?"

"ఇదే."

ఆమె నా నుదుటిమీద చెయ్యి వేసి చూసింది.

తనిఖీ ఫలితము ఈ విధముగా ఉన్నది. పైకప్పు: లేదు. వేడినీళ్ళు: లేవు. చన్నీళ్ళు: వర్షాన్ని బట్టి. ప్రతి పడకగదికీ ఒక కిటికీ ఉండవలెనన్నారు. పడకగదులు లేనందున కిటికీల లోటు లేదు. పొగ వస్తే మోగే గంట లేదు. ముఖద్వారం ఉండవలసిన చోట ఒక తెల్లకొంగ ఉన్నది, నన్ను చూసి కూడా కదలలేదు. రికార్డులో ఉన్న ఆ నాలుగు గదుల ఇంట్లో నిజంగా మిగిలినవి సిమెంటు మెట్లు మూడు. నాలుగు మెట్లుంటే పక్కన పట్టుకునే కమ్మీ తప్పనిసరి, మూడే అయితే అక్కరలేదని పత్రంలో ఉన్నది. కనుక కమ్మీ విషయంలో మా ఇల్లు పాసయింది.

మూడు మెట్లలో యాభై నాలుగో వంతు మా అమ్మది. కొలిచాను. ఒక కాలు పెట్టుకోవచ్చు, రెండోది పెడితే ఇంకొకరి ఆస్తి.

6. కావున కోరునది రెండింటిలో ఒకటి. ఆ ఇల్లు ఉన్నదని తమరు నిజంగా నమ్మితే, తనిఖీదారును పంపి, మంచం ఎక్కడ వేసుకోవాలో, అమ్మ వంటింటి బట్టలు ఎక్కడ తగిలించుకోవాలో గుర్తు పెట్టించండి. మేము వెళ్ళి అందులోనే ఉంటాము. నమ్మకపోతే, అక్కడ నివాసగృహం లేదని ఒక్క వాక్యం రాసి సంతకం చేయండి. రూలులో ఉన్న మాట 'నివాసగృహము'. మెట్లు అని ఎక్కడా లేదు, నేను మూడుసార్లు చదివాను.

హార్డీ గారు నవంబరు పదిహేను దాకా ఆగుతానన్నారు. ఆ తరువాత గ్యాసు కర్మాగారం పనివాళ్ళకు గదులు అద్దెకిచ్చే ఆయన డబ్బుతో సిద్ధంగా ఉన్నాడు. వచ్చి చూసి వెళ్ళాడు కూడా. నా గదిలో మంచాలు ఎన్ని పడతాయో అడుగులు వేసి లెక్కపెట్టుకున్నాడు. అమ్మ బెండ మొక్కలు వేసుకున్న చోట బండ్లు నిలుపుతాడట. అమ్మ ఆయనకు కాఫీ ఇచ్చింది. ఆయన వెళ్ళాక వంటింట్లో కుళాయి తిప్పి, చాలాసేపు ఆ నీళ్ళ చప్పుడులో నిలబడింది. ఆమె ఇంతవరకు ఒక్క పెట్టె కూడా సర్దలేదు. సర్దమని నేను చెప్పలేదు.

పై సంగతులు తమరు తీరిక చూసుకుని కాక, నవంబరు పదిహేనులోగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఉర్సులా గిల్లరీ
వెర్లీన్ గిల్లరీ తరఫున

తా.క.: ఈ క్రింది సంగతి అర్జీలో చేర్చదగినది కాదని విడిగా రాస్తున్నాను. ఆ మెట్ల దగ్గర ఒడీల్ అమ్మమ్మ నన్ను ఊరికే వదల్లేదు.

"ఎవడే ఆ ఆఫీసరు?"

"డెస్మండ్ ఆర్డొయిన్ అని."

"ఆర్డొయినా? ఎవరి తాలూకు?"

"నాకేం తెలుసు? ఆఫీసు తాలూకు."

"ఆఫీసుకు పుట్టాడా ఏం? చెవులెలా ఉంటాయి?"

"కొంచెం... బయటికి ఉంటాయి."

"అయితే వాడే! మా యూలాలీ అక్క మనవడు, జోసెఫ్ కొడుకు. చిన్నప్పుడే హ్యూస్టన్ తీసుకుపోయారు. అంతకుముందు వేసవి సెలవులు వస్తే ఇక్కడే ఉండేవాడు. అదిగో, ఆ రెండో మెట్టు వాడిది. ఇంకెవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. అంజూరాలు తింటూ కూర్చునేవాడు, కోడిపుంజు వస్తే ఏడ్చేవాడు."

పుంజు వచ్చినప్పుడు తమ నిక్కరు సంగతి కూడా ఆమె చెప్పింది. రాయను.

మా ఇంటిపేరు చూసి కూడా తమకేమీ గుర్తు రాలేదంటే నమ్ముతాను. ఈ వైపు గిల్లరీలు గడ్డి కంటే ఎక్కువ. కాని యూలాలీ గారు థియోఫీల్ గారి కూతురు. ఆమెకు ఒక్కడే కొడుకు. తమ పెళ్ళికి ముందే ఆయన పోయారు, మిగిలింది తమరూ, తమ చెల్లెలూ. అంటే ఆ ఇంట్లో తమ వాటా పద్దెనిమిదింట ఒకటి, మా అమ్మ వాటాకు మూడింతలు. అది ఇల్లే అయితే, గోడమీద తాళంచెవి పట్టుకున్న ఫొటో తమ మొదటి ఇంటిది కాదు, జిల్లా ఇచ్చిన ఆ సాయమూ తమకు చెందదు. అది ఇల్లు కాకపోతే మా అమ్మకూ కాదు. ఈ విషయం నేను ఎవరికీ చెప్పను. ఒడీల్ అమ్మమ్మ తరఫున మాట ఇవ్వలేను.

వరస ప్రకారం మా అమ్మ మీకు పిన్ని అవుతుంది. నవంబరు ఒకటిన, సకల పునీతుల పండుగ నాడు మేమంతా పాత రోడ్డు శ్మశానంలో సమాధులకు సున్నం వేస్తాము. మీ నాన్నమ్మ యూలాలీ గారి సమాధికి ఇన్నేళ్ళుగా వేస్తున్నది మా అమ్మే. దానిమీద పెట్టేవి, మీ తరగతిలో తగ్గించమన్న ఆ పువ్వులే.

ఈసారి మీరు రండి. వచ్చేటప్పుడు కుంచె, కొత్త ఉత్తర్వు రెండూ తెచ్చుకోండి అన్నయ్యా. సున్నం పిన్ని కలిపి ఉంచుతుంది.