లాగ్ చదవకుండా చెయ్యి వేయను

జూన్ 3, సోమవారం

ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని. రాసి పెట్టుకుంటున్నాను, సాక్ష్యంగా పడి ఉంటుంది.

తీర్మానం: డేటాబేస్ సర్వర్ మొరాయిస్తే ముందు లాగ్ చదువుతాను. చదివి, అర్థం చేసుకుని, అప్పుడే చెయ్యి వేస్తాను. నడుస్తున్నదాన్ని కమాండ్ కొట్టి బలవంతంగా చంపను. ప్లగ్ పీకను.

ఉన్నట్టుండి ఈ బుద్ధి ఎందుకు పుట్టిందంటే, పోయిన శుక్రవారం సర్వర్ ఆగమంటే ఆగలేదు. ఒక నిమిషం ఓపిక పట్టాను. సరే, అర నిమిషం. ప్లగ్ పీకేశాను. ఆగింది. దాంతోపాటు ఆ పూట రికార్డులన్నీ గల్లంతయ్యాయి. మాది జంతువుల ఆసుపత్రి. ఏ కుక్కకి సూది వేశారో, ఏ పిల్లికి వేయలేదో ఎవరికీ గుర్తులేదు. ఒక కుందేలుకైతే ఒకే మందు రెండుసార్లు పోశారు. దాని అదృష్టం, అది విటమిన్ మందు.

ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మది. ఆవిడ పిలిచి అరవలేదు, నాకు అదే భయం వేసింది. "ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే సర్వర్ పనంతా బయటి కంపెనీకి ఇచ్చేస్తానయ్యా. నీకు వేరే పని చూపించలేను" అని మెల్లగా చెప్పారు. ఎనిమిదేళ్ళుగా ఆ సర్వర్ మంచీ చెడూ నేనే చూసుకుంటున్నాను. ఇప్పుడు దాన్ని ఎవడి చేతుల్లోనో పెట్టి ఇంట్లో కూర్చోవాలా?

లాగ్ అంటే పెద్ద విషయమేం కాదు. తనకు ఏం జరిగిందో, ఎక్కడ నొప్పిగా ఉందో సర్వర్ తనే రాసుకునే ఫైలు. ఎనిమిదేళ్ళలో నేను దాన్ని ఎన్నిసార్లు తెరిచానో ఇక్కడ రాయను.

జూన్ 4, మంగళవారం

విజయం!

కొత్త అప్‌డేట్ వేయాలి. దానికోసం సర్వర్ ఆపాలి. ఆగమన్నాను. ఆగలేదు. చెయ్యి దురద పెట్టింది. కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎడమ చేత్తో లాగ్ తెరిచాను.

చివరి లైను తెలుగులో చెప్పాలంటే ఇది: "ఒకరు ఇంకా లోపలే ఉన్నారు. వాళ్ళు బయటికి వెళ్ళాలని ఎదురుచూస్తున్నాను."

ఎంత మర్యాద! చుట్టం ఇంట్లో ఉండగా తలుపు మూయనంటోంది. నేనేమో ఇన్నాళ్ళూ మొండికేసింది అనుకుని పీక పట్టుకున్నాను.

లోపల ఉన్నది మా కౌంటర్ అక్క. బిల్లులు కొట్టేది ఆవిడే.

"అక్కా, నీ స్క్రీన్ మీద చిలక బిల్లు సగంలో ఆగి ఉంది."

"చిల్లర తెస్తానని వెళ్ళాడు బాబూ, ఆ చిలకాయన."

"ఎప్పుడు వెళ్ళాడు?"

"నిన్న."

బిల్లు మూయించాను. సర్వర్ చెప్పిన మాట విని ఆగిపోయింది. అప్‌డేట్ వేశాను. స్టార్ట్ అన్నాను. లేచి నిలబడింది. ఒక్క రికార్డు పోలేదు. నాకు నేనే టీ పోయించుకున్నాను.

సాయంత్రం మా ఆవిడకి చెప్పాను. "ఎనిమిదేళ్ళకి చదవడం వచ్చిందన్నమాట" అంది. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

జూన్ 5, బుధవారం

రుచి మరిగాను. లాగ్ ఇంత ముక్తసరిగా ఉంటే ఏం లాభం? సెట్టింగులు తెరిచి, ఎంత వివరంగా రాయగలిగితే అంత వివరంగా రాయమని పెట్టేశాను. ఇక అది దగ్గినా తుమ్మినా నాకు తెలియాలి.

కొన్నవి:
పసుపు రంగు మార్కరు ఒకటి.
లావుపాటి పుస్తకం ఒకటి (గమనికలకు).
చదువుకునే కళ్ళద్దాలు. అవసరం లేదుగానీ మొహానికి గాంభీర్యం వచ్చింది.

జూన్ 6, గురువారం

పొద్దున కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఒక పిల్లి బరువు మారిస్తే పన్నెండు లైన్లు రాసింది. కౌంటర్ అక్క ఒక పేరు తప్పు కొట్టి, చెరిపి, మళ్ళీ కొడితే పేజీన్నర. ఎవరూ ఏమీ చేయనప్పుడు "ఎవరూ ఏమీ చేయడం లేదు" అని కూడా రాసింది.

మధ్యాహ్నానికి నిన్న ఉదయం పదింటి దాకా వచ్చాను. నేను చదివే లోపల అది ఇంకా రాస్తూనే ఉంది. మధ్యలో కాస్త కునుకు పట్టింది, కళ్ళద్దాలు ఉండబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

జూన్ 7, శుక్రవారం

మొత్తం చదవాలని తీర్మానంలో ఎక్కడా లేదు. వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. "లాగ్ చదువుతాను" అనే ఉంది. కాబట్టి:

ఉదయం: చివరి వంద లైన్లు.
భోజనమయ్యాక: చివరి పది.
సాయంత్రం: చివరి లైను. అది కూడా పొడుగ్గా ఉంది, మొదటి సగం చూశాను.

పేపరు మాత్రం మనం మొత్తం చదువుతామా? హెడ్డింగులు చూసి మడిచి పెట్టమూ?

జూన్ 9, ఆదివారం

ఇంట్లో వాషింగ్ మెషీన్ మధ్యలో ఆగిపోయి కుయ్ కుయ్ మంటోంది. ప్లగ్ పీకి, తలుపు పట్టుకుని గట్టిగా లాగాను. వచ్చింది. తలుపుతోపాటు నీళ్ళు కూడా వచ్చాయి, వంటింటి గడప దాకా.

"దాని నెత్తి మీద అక్షరాలు వెలుగుతున్నాయి కదా, ఏం రాసుందో చూశారా?" అని మా ఆవిడ అడిగింది.

చూడలేదు. పైపు మడత పడింది, సరిచేయమని రాసుందట.

తీర్మానం సర్వర్ వరకే అని గుర్తు చేశాను. తుడుపు గుడ్డ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

జూన్ 10, సోమవారం

సర్వర్ నత్తలా నడుస్తోందని కౌంటర్ అక్క పొద్దుటి నుంచి సణుగుతోంది. లాగ్ తెరుద్దామనే అనుకున్నాను. ఫైలు ఎంత పెరిగిందంటే, తెరవబోతే నా స్క్రీనే బిగుసుకుపోయింది. మూసేశాను.

అయినా రేపు ఉచిత టీకాల రోజు. ఊళ్ళో కుక్కలన్నీ మా గేటు ముందే ఉంటాయి. ఇలాంటప్పుడు కూర్చుని చదువుకునే తీరిక ఎవరికి ఉంది? రేపటి గొడవ దాటాక అంతా కలిపి ఒకేసారి చదివేస్తాను. మార్కరు కూడా ఆరిపోలేదు, మూత పెట్టే ఉంది.

జూన్ 11, మంగళవారం

రాయాలని లేదు, అయినా రాస్తాను.

ఆసుపత్రి తెరిచేసరికి సర్వర్ ఉలకదు, పలకదు. ఆగమన్నాను. ఆగలేదు. బయట కుక్కల వరుస గేటు దాటి మలుపు దాకా ఉంది. ఎవరికి ముందు ఏ టీకా పడిందో చూడకుండా సూది వేయడానికి వీల్లేదు. కౌంటర్ అక్క తలుపు సందులోంచి "బాబూ, అవుతుందా?" అని మూడోసారి తొంగిచూసింది.

బలవంతంగా చంపేశాను. ఒక్కసారే. మెత్తగా.

ఆగింది. ఇప్పుడు స్టార్ట్ అన్నాను. లేవలేదు. ఆ తర్వాత నేను చేసిన ఘనకార్యాలు:

మళ్ళీ స్టార్ట్ అన్నాను. లేవలేదు.
"ఇప్పటికే ఒక సర్వర్ నడుస్తోంది" అంది. ఎక్కడ? నేను చంపిన సర్వర్ పోతూ పోతూ 'లోపల నేనున్నాను' అని చెప్పే తన తాళం ఫైలు వదిలి వెళ్ళింది. తీసేశాను. లేవలేదు.
మెషీన్ మొత్తం ఆపి, మళ్ళీ ఆన్ చేశాను. మెషీన్ లేచింది, సర్వర్ లేవలేదు.
డేటాకి ఏమైనా అవుతుందేమోనని ఉన్న డేటా అంతా అదే డిస్కు మీద ఇంకో కాపీ తీయబోయాను. సగంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చూడలేదు.
కేబుళ్ళు పీకి, తుడిచి, పెట్టాను.
బతిమాలాను.

పెద్ద డాక్టరమ్మ గ్లవ్స్ చేతులతోనే వచ్చారు. "ఏమంటోంది?" అన్నారు.

"స్టార్ట్ అవనంటోందండి."

"ఎందుకట?"

మౌస్ అటూ ఇటూ కదిపాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, బయటికి వెళ్ళి ఫోన్ చేశారు. ఎవరికి చేశారో అడగక్కర్లేదు.

బయటి కంపెనీ అతను అరగంటలో దిగాడు. ఈ ఎండలో కోటు. ఏమైందని కూడా అడగలేదు.

"రీస్టార్ట్ చేశారా?"

"నాలుగుసార్లు చేశాను."

"అయితే ఓసారి ప్లగ్ పీకి పెడదాం" అంటూ గోడ వైపు వంగాడు.

అతని చెయ్యి ప్లగ్ మీద పడుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఎనిమిదేళ్ళుగా నా చెయ్యి ఇలాగే ఉంటుందన్నమాట, ఇంత అసహ్యంగా. వెళ్ళి మణికట్టు పట్టుకున్నాను.

"ముందు లాగ్ చదవండి" అన్నాను.

"లాగ్‌లో ఏముంటుందండీ, అంతా చెత్త."

"చెత్తే కానీండి, చదవండి" అన్నారు తలుపు దగ్గర నుంచి డాక్టరమ్మ.

ఫైలు మొత్తం కాకుండా చివరి లైను మాత్రం బయటికి తీశాడు. "డిస్కులో చో" అని ఉంది. అంతే. చోటు లేదు అని పూర్తిగా రాసుకోవడానికి కూడా దానికి చోటు మిగల్లేదు.

చోటంతా తిన్నది ఎవరా అని వెతికితే, లాగే. కొండంత పెరిగింది. మిగిలిన కాస్త జాగాలో నేను పొద్దున తీసిన సగం కాపీ కూర్చుని ఉంది.

"ఇంత వివరంగా రాయమని దీనికి ఎవరు చెప్పారండీ?" అన్నాడు కోటాయన. గొంతులో సంతోషం దాచుకోలేదు.

"నేనే."

"ఎందుకయ్యా?" అన్నారు డాక్టరమ్మ.

"చదువుదామనండి."

"చదివావా?"

నేల చూశాను. పలకలు కొత్తగా వేయించారు, బాగున్నాయి.

పాత లాగులు వేరే డిస్కుకి మార్చాం, సగం కాపీ తీసేశాం, వివరాలు తగ్గించాం. సర్వర్ వెంటనే లేచింది. ఒక్క రికార్డు కూడా పోలేదు. కుక్కలకి టీకాలు మొదలయ్యాయి. "నేను ఫోన్ చేస్తాను" అని కోటాయన్ని పంపేసి డాక్టరమ్మ నా ఎదురుగా కూర్చున్నారు.

"నా దగ్గరికి వచ్చేవాటిలో ఒక్కదానికైనా మాటలు వచ్చా? ఎక్కడ నొప్పో చెప్పలేక కరుస్తాయి, గీరుతాయి, మూల దాక్కుంటాయి. పొట్ట నొక్కి, నోరు తెరిచి, కళ్ళలోకి చూసి నేనే ఊహించుకోవాలి. ఊహ తప్పితే చచ్చిపోతుంది. నీ పేషెంటు మాత్రం ఎక్కడ నొప్పో రోజూ రాసి మరీ నీ చేతిలో పెడుతోంది. దాన్ని పట్టించుకోకుండా పీక పిసుకుతావా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ అరిచి ఉంటే బాగుండేది.

"రేపటి వరకు ఆలోచించుకుంటాను" అని లేచి వెళ్ళిపోయారు.

జూన్ 12, బుధవారం

ఆ మాటే చెవిలో తిరుగుతోంది. మా ఆవిడ ఇవాళ ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు, దాంతో ఇంకా దిగులేసింది.

సాయంత్రం డాక్టరమ్మ నుంచి పిలుపు వచ్చింది. "వారం రోజులు చూస్తాను. రోజూ పొద్దున నా గదికొచ్చి, లాగ్ పైకి చదివి వినిపించాలి. ఒక్క లైను వదిలేశావని తెలిసిందో, ఆ కోటాయనకి ఫోన్ చేస్తాను."

జూన్ 13, గురువారం

తీర్మానం. మొదటి రోజు. (మళ్ళీ.)

పొద్దున్నే డాక్టరమ్మ గదిలో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీకి ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. మూడో పేజీకి కళ్ళు మూశారు. "సారాంశం చెబితే చాలదా?" అన్నారు. "మీరే కదండీ ఒక్క లైను వదలొద్దన్నారు" అన్నాను. చిన్నగా గురక వినిపించింది.

నాలుగో పేజీ మధ్యలో నా నాలుక ఆగిపోయింది.

"రాత్రి కాపీ జరగలేదు. పాస్‌వర్డ్ తప్పు."

ఆసుపత్రి డేటా మొత్తాన్ని రోజూ రాత్రి ఇంకో మెషీన్ మీదికి కాపీ చేయడానికి ఒక ఏర్పాటు ఉంది. పెట్టింది నేనే. అది పాస్‌వర్డ్ తప్పు కొడుతోందట. పాస్‌వర్డ్ మార్చింది కూడా నేనే. ఎప్పుడు మార్చానో గుర్తులేదు, కానీ అప్పుడు స్వెట్టర్ వేసుకున్నట్టు గుర్తు. అంటే అప్పటి నుంచి కాపీ అన్నదే లేదు. మొన్న నేను మెత్తగా చంపినప్పుడు ఆ డేటా గానీ చెడి ఉంటే, ఈ ఆసుపత్రికి వచ్చిన ఒక్క జంతువు చరిత్ర కూడా మిగిలేది కాదు.

డాక్టరమ్మ కళ్ళు మూసే ఉన్నాయి. ఈ ఒక్క లైను దాటేసి కిందిది చదివితే దేవుడికి కూడా తెలియదు. మధ్యాహ్నం గుట్టు చప్పుడు కాకుండా పాస్‌వర్డ్ సరిచేసుకోవచ్చు. ఉద్యోగం ఉంటుంది.

గొంతు సవరించుకున్నాను. గట్టిగా చదివాను.

ఆవిడ కళ్ళు తెరిచారు. "అంటే?"

అంటే ఏమిటో చెప్పాను. పాస్‌వర్డ్ మార్చింది ఎవరో కూడా చెప్పాను.

ఆవిడ చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది. అయిపోయింది అనుకున్నాను.

"నేను నిద్రపోతున్నాను కదయ్యా. ఇది చదవకుండా దాటేసినా నాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదండి."

"మరి?"

"అది రాసి పెట్టింది కదండీ, పాపం. ఇన్నాళ్ళ నుంచీ."

ఆవిడ ఫోన్ తీసి కౌంటర్ అక్కకి చేశారు, గంట దాకా ఎవరినీ లోపలికి పంపొద్దని. "ముందు వెళ్ళి ఆ కాపీ తీసి రా. తర్వాత ఎప్పటి నుంచి తప్పుతోందో చూద్దాం."

"అది తెలియాలంటే వెనక్కి, పాత లాగులన్నీ చదవాలండి."

"చదువు."

కాపీ తీశాను. ఈసారి వేరే మెషీన్ మీదికి, చివరిదాకా అయిందో లేదో చూసుకుని మరీ. వచ్చి వెనక్కి చదవడం మొదలుపెట్టాను. సాయంత్రానికి మార్చి నెల దాకా వెళ్ళాం. డాక్టరమ్మ మధ్యలో ఒక కుక్క కాలికి కట్టు కట్టి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, "ఎక్కడున్నాం?" అని అడిగారు.