చివరి రెండు నిమిషాలు

ప్రియమైన మామయ్యకు,

కింద హాల్లో పేపరు చదువుకుంటున్న నీకు మేడ మీద గదిలో కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. నవ్వకు. బాస్కెట్‌బాల్ కోర్టు మాటలు గడప దాటి ఇంట్లోకి రాకూడదని రూలు పెట్టింది నువ్వే. కోర్టులోనేమో నిన్ను సార్ అనాలి, చుట్టరికం ఎత్తకూడదు. మరి నా గోడు చెప్పుకోవడానికి కాగితం తప్ప చోటేదీ?

మా బాస్కెట్‌బాల్ కోచ్ మీద నీకు ఫిర్యాదు చేస్తున్నాను. మనిషి మంచివాడే. బంతి వంక చూడకుండా పరిగెత్తడం నేర్పింది ఆయనే. కానీ స్కోరు పోటాపోటీగా ఉండి ఆట చివరి రెండు నిమిషాలకు వచ్చిందంటే చాలు, చెయ్యెత్తి నన్ను బయటికి పిలిచేస్తాడు. గెలుపు బంతి నేను వేస్తే, కోచ్ తన మేనల్లుణ్ణి హీరోని చేసుకున్నాడంటారని ఆయన భయం. నిన్నటి సెమీఫైనల్లో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. ఆ సమయంలో నేను బెంచీ మీద కూర్చుని తువ్వాలు కొరుకుతున్నాను.

పక్క ఊరి కాలేజీలో కోచ్ మేడమ్ నన్ను తమ జట్టుకు రమ్మన్నారు. వెళ్లాలని ఉంది. నన్ను వదలమని మా కోచ్‌కు వేరే కాగితం రాసి ఇందులోనే పెట్టాను, ఆయనకు ఇవ్వు.

ఒక్కటే బెంగ. స్కూలు రోజుల నుంచి నీ ఇంట్లో పెరిగినవాణ్ణి. కోచ్‌ను వదులుకుంటే మామయ్య కూడా పోతాడేమోనని.

నీ బుడ్డోడు


అల్లుడూ,

నీ ఉత్తరం అందింది. మీ అత్తయ్య గరిటె ఒక చేత్తో, కవరు ఒక చేత్తో పట్టుకొచ్చి, "ఇదిగో, మేడ దేశం నుంచి తపాలా. జీతం లేని పోస్టుమాన్ని చేశారు నన్ను" అంది.

మీ కోచ్‌ను కదిపి చూశాను. మొండిఘటం. కుదరదన్నాడు. అతని మాటల్లోనే చెబుతాను: "నేను కాలేజీ వర్క్‌షాపులో ఫిట్టర్ని. ఆటను కంచె బయట నిలబడి చూసి నేర్చుకున్నాను. ఈ కుర్చీ ఇచ్చిన రోజే కొందరు మొహాలు మాడ్చుకున్నారు. ఇప్పుడు మేనల్లుణ్ణి జట్టులో పెట్టుకుని నేను ఎప్పుడు తప్పు చేస్తానా అని కాచుక్కూర్చున్నారు."

"మరి కుర్రాడు ఏ పాపం చేశాడయ్యా?" అన్నాను. గోడ వంక చూశాడు. ఇంకో నాలుగు రోజులు పోరితే దారికొచ్చేలా ఉన్నాడు.

ఇక నా సంగతి. నేనెక్కడికి పోతానురా? ఈ వయసులో నన్నెవరు రానిస్తారు?

నీ కాళ్లు మంచం దాటి గాల్లో వేలాడుతున్నాయని మీ అత్తయ్య గోల. మంచం చివర స్టూలు వేశాను. తన్నేయకు.

మామయ్య


క్రీడాకారునికి,

మీ అర్జీ చూశాను. మిమ్మల్ని జట్టు నుంచి విడుదల చేస్తున్నాను. జెర్సీ ఉతికి అప్పగించవలెను. మీరు కొరికిన తువ్వాలు కాలేజీది, దానికి బదులు కొత్తది ఇవ్వవలెను.

మీరు మంచి ఆటగాడు. ఈ ముక్క ముందే చెప్పి ఉండవలసింది.

కోచ్


ప్రియమైన మామయ్యకు,

హాస్టలుకు వచ్చాక నీకు రాస్తున్న మూడో ఉత్తరం ఇది. మొదటి రెంటికీ అత్తయ్యే జవాబు రాసింది. "మీ మామయ్య బాగానే ఉన్నారు. మాట్లాడటం లేదు. అంటే మామూలుగానే ఉన్నారు" అని. నాకు మాత్రం మామూలుగా అనిపించడం లేదు.

ఇక్కడి గచ్చు అద్దంలా ఉంది. మన కోర్టులోలాగా వాన పడితే బకెట్లు పెట్టక్కర్లేదు. మేడమ్ మొదటి రోజే, "చివరి రెండు నిమిషాలూ నీవే" అన్నారు. సంతోషించాలి కదా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను వాటిని ఎప్పుడైనా ఆడితే కదా, ఏం చేయాలో తెలియడానికి. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు.

శనివారం తొలి మ్యాచ్. బెంచీ వెనక సీటుకు పాసు పెట్టాను. రా మామయ్యా. ఏమీ చెప్పకపోయినా పర్లేదు, ఊరికే కనబడు.

నీ బుడ్డోడు


మామయ్యకు,

గెలిచాం. జట్టంతా నన్ను ఎత్తుకుని తిప్పారు. పైనుంచి చూస్తే, బెంచీ వెనక సీటు ఖాళీగా ఉంది.

కోచ్‌ను నేనే వదిలాను, నిజమే. మామయ్యను వదల్లేదు. ఆ సంగతి మామయ్యకు తెలుసో లేదో కనుక్కుని రాయి.

బుడ్డోడు


బంగారు అల్లుడికి,

తెలుసురా. వచ్చాను కూడా.

బెంచీ వెనక కూర్చుంటే నా నోరు ఊరుకోదు. అది మీ మేడమ్ చోటు, నేను దూరకూడదు. అందుకని పై వరసకు పోయాను. పక్కన స్వెటర్ అల్లుకుంటూ ఒక పెద్దావిడ. "ఆ తాడిచెట్టంత పిల్లాడు ఎవరండీ?" అని అడిగింది. "నా మేనల్లుడు" అన్నాను. నువ్వు నా జట్టులో ఉన్నన్నాళ్లూ నోట రానివ్వని మాట అది. ఒకసారి అన్నాక రుచి తగిలింది. ముందు వరసాయనకు చెప్పాను. టీ అమ్మే అతనికి చెప్పాను. అతను, "ఇందాకే చెప్పారు సార్, పంచదార వేయమంటారా?" అన్నాడు.

చివరి రెండు నిమిషాలు వచ్చాయి. నా చెయ్యి దానంతటదే లేచింది, నిన్ను బయటికి పిలవడానికి. వెనక నుంచి ఎవరో, "చెయ్యి దించవయ్యా బాబూ, కుర్రాడు కనబడట్లేదు" అని కసిరారు. దించాను. దించి చూశాను.

భయంతో నిద్ర పట్టలేదని రాశావు. పై వరసకు అది కనబడలేదు. బంతి చేతిలో పెట్టుకుని, మీదికొచ్చేవాణ్ణి రానిచ్చి, నువ్వు నవ్వుతున్నావు. ఇన్నేళ్లు పెంచాను, ఆడించాను. ఆట బిగుసుకున్నప్పుడు నువ్వు నవ్వుతావని నాకు తెలియదురా. చూస్తే కదా.

ఆ తర్వాత నేనేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. కూర్చున్న బెంచీ ఎక్కి అరిచానని పెద్దావిడ చెప్పింది. గార్డు వచ్చి మర్యాదగా దింపాడు. గొంతు పూర్తిగా పోయింది. మాట రాని మనిషి నీ దగ్గరికొచ్చి చేసేదేముందని బస్సెక్కాను. "ఉన్నవే నాలుగు మాటలు, అవీ అక్కడే పారబోసి వచ్చారా?" అంది మీ అత్తయ్య.

మునుపు జవాబు రాయకపోవడానికి కోపం కారణం కాదు. నీకు రాయాలంటే మీ కోచ్ సంగతులే రాసేవాణ్ణి. అతను మధ్యలోంచి తప్పుకున్నాక, కలం పట్టుకుంటే ఏమీ తోచలేదు. ఇప్పుడు తోస్తోంది, చూస్తున్నావుగా.

వచ్చే మ్యాచ్‌కు మీ అత్తయ్య కూడా బయల్దేరుతోంది. బెంచీ వెనక సీట్లు మాకు వద్దు. పై వరసలోనే ఇప్పించు. అక్కడ నాకిప్పుడు మనుషులు తెలుసు.

నీ మేనమామ